కొత్తది ఎవరికి? పాతది ఎవరికి?

స్త్రీల సంస్థలకు ల్యాప్‌టాప్ ఇవాళ విలాస వస్తువు కాదు. గృహహింస కేసుల వివరాలు, పొదుపు సంఘాల లెక్కలు, కలెక్టరుకిచ్చే వినతిపత్రం, దాతలకు పంపే నివేదిక అన్నీ దానిమీదే తయారవుతున్నాయి. అందుకే కొత్తది కొనాలా, బాగుచేసి అమ్మే పాతది కొనాలా అన్న చర్చ ప్రతి సంస్థలోనూ వస్తోంది. రీఫర్బిష్డ్ అని దుకాణాల వాళ్లు పిలిచేది ఈ రెండో రకాన్నే. చర్చ ధర దగ్గర మొదలై ధర దగ్గరే ముగుస్తుంది. ఏది ఎవరి చేతికి వెళ్తోందన్న ప్రశ్న మాత్రం మనం వేసుకోవడం లేదు.

ఇళ్లలో జరిగేది మనకు తెలుసు. కొత్త ఫోను కొడుక్కి, వాడు వాడి పక్కన పడేసింది తల్లికి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో తాము సొంతంగా వాడుకునే మొబైల్ ఫోను ఉన్న స్త్రీలు 54 శాతమే. ప్రభుత్వాల తీరూ ఇంతే. 2021లో మహారాష్ట్ర అంగన్‌వాడీ కార్యకర్తలు, పనికి సరిపోవడం లేదంటూ తమకిచ్చిన ఫోన్లను మూకుమ్మడిగా తిరిగి ఇచ్చేశారు. వాళ్లు కోరింది బహుమతి కాదు, పనికొచ్చే పనిముట్టు. మరి మన సంస్థల్లో? ప్రధాన కార్యాలయానికి కొత్త యంత్రం, అక్కడ వాడి వాడి అరిగిపోయింది తిరువూరులాంటి చోట పనిచేసే కార్యకర్తకు. దీనికి పొదుపు అని పేరు పెట్టుకుంటున్నాం. నిజానికి ఇది హోదాల వరస.

ఖర్చు తగ్గించుకోవలసిన అవసరాన్ని కాదనడం లేదు. 2020లో విదేశీ విరాళాల చట్టానికి చేసిన సవరణ పాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి కుదించింది. ఒక సంస్థ అందుకున్న విదేశీ విరాళాన్ని మరో సంస్థకు ఇవ్వడాన్ని నిషేధించింది. పెద్ద సంస్థల ద్వారా నిధులు పొందే చిన్న గ్రామీణ సంస్థలకు ఆ దారి మూసుకుపోయింది. కాబట్టి బాగుచేసిన యంత్రం వద్దని నేననను. పెద్ద కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి తీసేసిన యంత్రాలు చాలావరకు చౌకరకం కొత్తవాటికన్నా గట్టివి. పైగా ల్యాప్‌టాప్ మోపే కర్బన భారంలో ఎక్కువ భాగం తయారీలోనే పడుతుంది. పారేసిన యంత్రాలను ఒలిచి లోహాలు తీసే ఢిల్లీ శీలంపూర్ వంటి చోట్ల ఆ విషాల మధ్య కూర్చున్నవాళ్లలో పేద స్త్రీలూ పిల్లలూ ఉన్నారు. ఉన్నదాన్ని మరికొన్నేళ్లు వాడటం వాళ్లపట్ల కూడా న్యాయమే.

అయితే కళ్లు మూసుకుని కొనరాదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే, ఇంటెల్ ప్రాసెసర్ అయితే, దాదాపుగా ఎనిమిదో తరంది లేదా ఆ తర్వాతిది ఉండాలి. మరీ చౌకగా ఇస్తామంటే ముందు ఈ సంగతి అడగాలి. లినక్స్ వేసుకోవచ్చు కానీ అను ఫాంట్లతో పత్రిక పేజీలు కట్టేవాళ్లకు ఇబ్బంది. బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో దుకాణంలోనే చూడాలి. బిల్లు, వారంటీ కాగితం మీద ఉండాలి. అవి లేకుండా వినియోగదారుల కమిషన్ ముందు నిలబడటం కష్టం. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం బాగుచేసి అమ్మేవాళ్లు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదు కావాలి. ఆ నమోదు చూపించమనడం మన హక్కు.

ఇంకో సంగతి ధరకన్నా ముఖ్యమైనది. మన పాత యంత్రంలో స్త్రీలు మనల్ని నమ్మి చెప్పుకున్న మాటలు ఉంటాయి. ఫైలు డిలీట్ చేసినంత మాత్రాన అది పోదు, తెలిసినవాళ్లు తిరిగి తీయగలరు. అత్యాచార బాధితురాలి గుర్తింపును ప్రచురించడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, భర్తకు తెలియకుండా వచ్చి గోడు చెప్పుకున్న మనిషి చిరునామా ఎవరి చేతిలో పడుతుంది? యంత్రాన్ని ఇచ్చేముందు డిస్కును పూర్తిగా తుడిచేయాలి, లేదంటే తీసి దగ్గర ఉంచుకోవాలి. కొన్నప్పుడు కూడా మొత్తం తుడిచి సాఫ్ట్‌వేర్ కొత్తగా వేయించాలి.

ఇక ఎవరికి ఏది? తిరువూరు నుంచి విజయవాడకు 70 కిలోమీటర్లకు పైనే. యంత్రం మొరాయిస్తే కార్యకర్త దాన్ని భుజాన వేసుకుని బస్సెక్కాలి, ఒక రోజు పని పోవాలి. హైదరాబాద్ కార్యాలయానికి ఆ బాధ లేదు. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ నిండా కంప్యూటర్ దుకాణాలే. రిపేరుకు దగ్గరున్నవాళ్లు పాతదాన్ని నెట్టుకురాగలరు, దూరంగా ఉన్నవాళ్లు రాలేరు. కాబట్టి వరస తిరగేయాలి. మనిషిని పంపి బాగుచేయించే వారంటీతో కొత్తది తిరువూరుకు, బాగుచేసింది ప్రధాన కార్యాలయానికి.

ఊళ్లో ఉన్నవాళ్లకు వాడటం రాదు, పాడుచేస్తారు అంటారు కొందరు. స్త్రీల చేతికి సైకిలు ఇవ్వడానికీ, బ్యాంకు పాసు పుస్తకం ఇవ్వడానికీ అడ్డొచ్చిన మాట ఇదే. మనం దాన్ని బయట ఖండిస్తూ, మన కొనుగోలు తీర్మానాల్లో రాసుకుంటున్నాం. ఈసారి తీర్మానం రాసేముందు ఆ యంత్రం మీద పనిచేయబోయే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, నీకేం కావాలి అని అడుగుదాం.