పదికి పది ఎవరికి వెయ్యాలి?
నౌకాయాన శాఖకు ఒక బహిరంగ లేఖ

కేంద్ర ఓడరేవులు, నౌకాయాన, జలమార్గాల మంత్రిత్వ శాఖకు,

విశాఖపట్నం అవుటర్ హార్బర్‌లో సుమారు 96 కోట్ల రూపాయలతో కట్టిన క్రూయిజ్ టెర్మినల్‌ను 2023 సెప్టెంబరులో మీ మంత్రి సర్బానంద సోనోవాల్ ప్రారంభించారు. రెండు వేల మందితో ఓడ వచ్చినా ఇబ్బంది లేని ఏర్పాటు అది. మరుసటి ఏడాది సెప్టెంబరు 30న ముంబయిలో ‘క్రూయిజ్ భారత్ మిషన్’ మొదలైంది. 2029 నాటికి దేశంలో క్రూయిజ్ ప్రయాణికులను రెట్టింపు చేయాలన్నది దాని లక్ష్యం. బెర్తులు, టెర్మినళ్లు, కొత్త మార్గాలు అంటూ హడావిడి బాగానే ఉంది. ఓడెక్కినవాడికి కడుపు మండితే ఎవరితో చెప్పుకోవాలన్న ఊసు మాత్రం ఈ సందడిలో పెద్దగా వినపడదు.

ఇంటర్నెట్ ఉంది కదా, రివ్యూ రాసుకుంటారు, కంపెనీలు చదువుకుంటాయి అని సమాధానం రావచ్చు. ఈ లేఖ ఆ సమాధానం గురించే.

ప్రయాణికులు నెట్‌లో రాసేది క్రూయిజ్ కంపెనీలు పట్టించుకోవని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. శ్రద్ధగానే చదువుతాయి. అమెరికాలో కార్నివాల్ కంపెనీకి దాదాపు ఇదే పనిగా ఒక మనిషి ఉన్నారు. పేరు జాన్ హీల్డ్. ఇంగ్లండు ఆయన. ఒకప్పుడు ఓడ మీద ఆటపాటలు నడిపించే క్రూయిజ్ డైరెక్టర్. 2007లో బ్లాగు మొదలుపెట్టి, తర్వాత ఫేస్‌బుక్‌కు చేరి, కంపెనీ బ్రాండ్ అంబాసిడర్ హోదాలో జనానికి రోజూ జవాబులిస్తుంటారు. దిండు గట్టిగా ఉందనే దగ్గర్నుంచి పిజ్జా చల్లారిందనే దాకా అన్నీ ఆయన ముందుకే వస్తాయి, ఊరి రచ్చబండ దగ్గర సర్పంచి దొరికినట్టు.

అలా ఏళ్ల తరబడి నలిగిన తగవు ఒకటుంది. పొద్దున్నే లేచి, ఈతకొలను పక్కన వాలుకుర్చీ మీద తువ్వాలు పరిచి, దాని మీద ఓ పుస్తకం పడేసి, టిఫినుకు వెళ్లి మధ్యాహ్నానికి గానీ తిరిగిరాని ప్రయాణికుల గొడవ. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీట్లోకి రుమాలు విసిరే మన విద్యకు ఇది అక్కచెల్లెలే. ఫిర్యాదులు పడీ పడీ చివరికి కార్నివాల్ ఒక పద్ధతి తెచ్చింది. ఖాళీ కుర్చీకి టైము వేసిన చీటీ అంటిస్తారు. 40 నిమిషాల్లో మనిషి రాకపోతే సామాను తీసేస్తారు. ప్రతి ఓడలో ఇది నిక్కచ్చిగా అమలవుతుందా అంటే, తువ్వాలు వేసే చేతులు ఎక్కువ, చీటీలు అంటించే చేతులు తక్కువ. అయినా, విన్నారు.

వినడానికీ ఒక లెక్క ఉంది. 2015 తొలి నెలల్లో నార్వేజియన్ క్రూయిజ్ లైన్ రెండు పనులు చేసింది. బఫేలో ప్లేటు నింపుకుని గదికి తీసుకుపోవడం కుదరదంది. కేబిన్‌కు భోజనం తెప్పించుకుంటే 7.95 డాలర్ల రూమ్ సర్వీసు రుసుము పెట్టింది. రెండింటి మీదా జనం మండిపడ్డారు. ప్లేటు మీద నిషేధం కొద్ది రోజుల్లోనే ఎత్తేశారు. రుసుము మాత్రం కదల్లేదు. రెండేళ్ల తర్వాత రాయల్ కరీబియన్ కూడా అచ్చంగా అంతే రుసుము పెట్టింది. ప్లేటు వెనక్కిస్తే కంపెనీకి పోయేది కాస్త పరువు, నాలుగు పింగాణీ పళ్లేలు. రుసుము వెనక్కిస్తే పోయేది రాబడి. కస్టమరు మాట మాకు శిరోధార్యం అని చెప్పే కంపెనీలు ఆ మాటను శిరస్సుకు ఎత్తుకునే ముందు ఒకసారి గల్లాపెట్టె వైపు చూస్తాయి.

రివ్యూలు రాసేవాళ్లనే దువ్విన ఘట్టమూ ఉంది. రాయల్ కరీబియన్ ‘రాయల్ చాంపియన్స్’ పేరుతో ఒక యాభై మంది దాకా ప్రయాణికులను ఎంచుకుంది. నెట్‌లో కంపెనీ గురించి తరచుగా, మంచిగా రాసేవాళ్లు వీళ్లు. కొందరికి కొత్త ఓడ మీద ఉచితంగా తిరిగే అవకాశం దక్కింది. 2009లో ఇది పత్రికలకెక్కింది. దాచిపెట్టిందేమీ లేదని కంపెనీ అంది. కావచ్చు. కానీ ఓడ బుక్ చేసుకుందామని రాత్రి పదింటికి రివ్యూలు చదువుతూ కూర్చున్న కుటుంబానికి, తాము చదువుతున్న పొగడ్తలో ఉచిత టికెట్టు పాలెంతో ఎలా తెలుస్తుంది?

ఇక కార్నివాల్ ట్రయంఫ్ అనే ఓడ కథ. 2013 ఫిబ్రవరి 10న, గల్ఫ్ ఆఫ్ మెక్సికో నడిమధ్యన, జనరేటర్ దగ్గర ఇంధనం గొట్టం కారి ఇంజిన్ గదిలో మంటలు లేచాయి. మంటలు ఆర్పారు. కరెంటు తిరిగి రాలేదు. సిబ్బందితో కలిపి 4,200 మందికి పైగా ఉన్న ఓడ అలల మీద బెండులా తేలుతూ ఉండిపోయింది. ఏసీ లేదు. మరుగుదొడ్లలో నీళ్లు ఆగిపోయాయి. మల విసర్జనకు సిబ్బంది ఎర్ర ప్లాస్టిక్ సంచులు పంచారు. లోపల ఉక్క, కంపు భరించలేక జనం పరుపులు డెక్ మీదికి ఈడ్చుకొచ్చి, దుప్పట్లతో గుడారాలు కట్టుకుని పడుకున్నారు. తిండి కోసం గంటల తరబడి వరసలు. కొందరి వంతు వచ్చేసరికి రొట్టె మధ్య ఉల్లిపాయ మిగిలింది. సామాను అందించడానికి అదే కంపెనీ ఓడ పక్కకు వచ్చినప్పుడు, దాని సిగ్నల్ అందుకుని ఫోన్లు పలికాయి. లోపలి సంగతులు అలా బయటికి పొక్కాయి. ఆ తర్వాత టీవీ హెలికాప్టర్లు వచ్చాయి. టగ్గు పడవలు లాక్కొచ్చి 14వ తేదీ రాత్రి అలబామాలోని మొబైల్ రేవుకు చేర్చే వరకు ప్రపంచమంతా ఆ ఓడనే చూసింది.

అప్పుడు కంపెనీ విన్నదా? బ్రహ్మాండంగా విన్నది. టికెట్టు డబ్బు మొత్తం వెనక్కి, పైన 500 డాలర్లు. తన ఓడలన్నిట్లో అత్యవసర విద్యుత్తు, ఇతర భద్రతా ఏర్పాట్ల కోసం 30 కోట్ల డాలర్ల కార్యక్రమం. అదే ఏడాది మే నెలలో క్రూయిజ్ కంపెనీల అంతర్జాతీయ సంఘం ‘క్లియా’ పది అంశాలతో ప్రయాణికుల హక్కుల పత్రం ప్రకటించింది. రేవులో ఆగి ఉన్న ఓడలో తిండి, నీళ్లు, పారిశుధ్యం సరిగా లేకపోతే దిగిపోయే హక్కు, యంత్రం చెడి ప్రయాణం రద్దయితే పూర్తి డబ్బు, ప్రధాన కరెంటు పోతే అత్యవసర విద్యుత్తు లాంటివి అందులో ఉన్నాయి. వినడానికి ఇంపుగా ఉంది కదూ. ఇక డిసెంబరులో ఏమైందో చూడండి. ట్రయంఫ్ ప్రయాణికులు వేసిన దావాలో కార్నివాల్ న్యాయవాదులు కోర్టుకిచ్చిన కాగితాలు బయటికొచ్చాయి. ఓడ సముద్రయానానికి తగినట్టు ఉంటుందని గానీ, తిండి శుభ్రంగా ఉంటుందని గానీ, వసతి ఆరోగ్యకరంగా ఉంటుందని గానీ టికెట్టు ఒప్పందం ఎలాంటి హామీ ఇవ్వదన్నది వాళ్ల వాదన. మేలో హక్కుల పత్రం, డిసెంబరులో ఈ వాదన. 2019లో ఆ ఓడకు 20 కోట్ల డాలర్లతో మెరుగులు దిద్ది, పేరు మార్చి ‘కార్నివాల్ సన్‌రైజ్’ చేశారు.

న్యాయంగా చెప్పాలంటే మంచి ఉదాహరణ కూడా ఉంది. 2016 ఫిబ్రవరిలో 6,000 మందికి పైగా ఉన్న ‘ఆంథెమ్ ఆఫ్ ద సీస్’ అట్లాంటిక్‌లో పెనుతుపానులోకి వెళ్లింది. విరిగిన సామాను, ఊగిపోతున్న గదులు ప్రయాణికుల ఫోన్ వీడియోల్లో ఊరూరా తిరిగాయి. రాయల్ కరీబియన్ డబ్బు వెనక్కివ్వడంతో ఆగలేదు. మరుసటి ఏడాది వాతావరణ శాస్త్రజ్ఞుణ్ని ఉద్యోగంలో పెట్టుకుంది. ఓడల దారి మీద కన్నేసి ఉంచడమే ఆయన పని. ఇది మెచ్చుకోవలసిందే. కాకపోతే, దుర్ఘటన టీవీ దాకా ఎక్కితే గానీ ఇంత వినికిడి రావడం లేదన్నది కూడా గమనించాలి.

టీవీ దాకా ఎక్కని మామూలు ప్రయాణాల మాటేమిటి? అక్కడ అభిప్రాయ సేకరణ ఎలా ఉంటుందో తెలియాలంటే ఓడలో చివరి రాత్రి భోజనాల బల్ల దగ్గర కూర్చోవాలి. వారం రోజులుగా పేరు పెట్టి పిలుస్తూ, పిల్లలకు తువ్వాలుతో ఏనుగు చేసి చూపించి, నాన్నగారికి పెరుగన్నం ఎలాగో సంపాదించి పెట్టిన వెయిటర్ అప్పుడు దగ్గరకొచ్చి, గొంతు తగ్గించి, ఇంటికెళ్లాక ఈ-మెయిల్ వస్తుందండీ, దయచేసి పదికి పది వెయ్యండి, ఎనిమిదైనా మాకు ఇబ్బందే అంటాడు. తిండి బాగోలేదని మార్కు తగ్గిస్తే ఆ దెబ్బ మెనూ రాసిన మయామీలోని కంపెనీ ఆఫీసుకు తగలదు, బల్ల దగ్గర నిలబడ్డ ఈ కుర్రాడికి తగులుతుంది. ఒప్పందం మళ్లీ ఇస్తారా, పై మెట్టు ఎక్కిస్తారా అన్నదాంట్లో ఈ మార్కులకు వాటా ఉంటుందని ఓడ సిబ్బంది చెబుతుంటారు.

పదంటే వాళ్లకంత పట్టుదల ఊరికే రాలేదు. కార్పొరేట్ ప్రపంచంలో ‘నెట్ ప్రమోటర్ స్కోర్’ అనే కొలత నడుస్తోంది. ఫ్రెడ్ రైక్‌హెల్డ్ అనే సలహాదారు 2003లో ప్రచారంలోకి తెచ్చారు. మా సేవను మీవాళ్లకు సిఫారసు చేస్తారా అని ఒకే ప్రశ్న. తొమ్మిది, పది వేస్తే అభిమాని. ఏడు, ఎనిమిది వేస్తే లెక్కలోకి రాడు. ఆరు వేసినా, సున్నా వేసినా ఒకటే, విమర్శకుడు. మన బడిలో పదికి ఏడొస్తే ఇంట్లో పాయసం చేస్తారు. ఇక్కడ ఏడు వేసిన పెద్దమనిషిని అసలు మనిషిగానే లెక్కపెట్టరు. ప్రయాణికుడేమో జాలిపడి పది వేస్తాడు. చల్లారిన సాంబారు, తప్పిపోయిన రేవు ఆ పదిలో కలిసిపోతాయి. ఆ ఓడల్లో పనిచేసేవాళ్లలో ఫిలిప్పీన్స్, ఇండోనేషియా వాళ్లతో పాటు భారతీయులు పెద్ద సంఖ్యలో ఉంటారు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి విశాఖ, హైదరాబాదుల నుంచి వెళ్లిన మన పిల్లలూ ఉన్నారు.

ఇలా కంపెనీ తానే నడిపే మార్కుల సర్వే మీద ఆధారపడితే లాభం లేదని అమెరికా అనుభవం చెబుతుంది. అక్కడ నిజంగా పనిచేసినవి వేరే ఉన్నాయి. ఓడల్లో పారిశుధ్యాన్ని తనిఖీ చేసే వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ నూటికి మార్కులు వేసి అందరికీ కనపడేలా పెడుతుంది. 85, అంతకు తక్కువ వస్తే తప్పినట్టు. 2013లో అలాస్కాలోని స్కాగ్వే రేవులో ‘సిల్వర్ షాడో’ అనే ఖరీదైన ఓడకు 82 వచ్చాయి. తనిఖీకి దొరక్కుండా వంటసామగ్రి, మాంసం సిబ్బంది పడుకునే గదుల్లో దాచారని బయటపడింది. ఉప్పందించింది సిబ్బందే. ఎన్ని రివ్యూలు రాసినా ప్రయాణికుడికి ఆ గది తలుపు ఎప్పుడు తెరుచుకుంటుంది? అలాగే 2010లో అమెరికా ఓడల భద్రతా చట్టం తెచ్చింది. కేబిన్ తలుపుకు బయట ఎవరున్నారో చూసుకునే కంత, డెక్ మీద కనీసం 42 అంగుళాల కమ్మీ, ఓడల్లో జరిగే నేరాల వివరాలు బయటపెట్టడం దాంతోనే వచ్చాయి. ఓడల్లో తమవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలు ఏళ్ల తరబడి వాషింగ్టన్ చుట్టూ తిరిగితే వచ్చిన చట్టం అది.

మన దగ్గరా ఇలాంటి పద్ధతులు ఎవరికీ తెలియనివి కావు. విమానాలపై వచ్చే ఫిర్యాదులను పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ప్రతి నెలా లెక్కగట్టి, పది వేల మందికి ఎన్ని, ఏ సంస్థ మీద ఎన్ని, సామాను గురించా, రిఫండు గురించా అన్నీ విడదీసి బయటపెడుతుంది. రైల్లో 139కి ఫోను చేస్తే ‘రైల్ మదద్’లో ఫిర్యాదుకు నంబరు వస్తుంది. ఆన్‌లైన్ రివ్యూల కోసం భారత ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఐఎస్ 19000 అనే ప్రమాణమే తెచ్చింది. రాసినవాడు నిజమైన మనిషేనా అని సరిచూడటం, వచ్చిన రివ్యూలను పక్షపాతం లేకుండా చూపించడం దాని సారం. అయితే దాన్ని పాటించడం కంపెనీల ఇష్టం.

2022 జూన్‌లో విశాఖ నుంచి పుదుచ్చేరి మీదుగా చెన్నై వెళ్లాల్సిన ‘కార్డీలియా ఎంప్రెస్’ (ఈ ఓడ ఒకప్పుడు రాయల్ కరీబియన్‌దే) సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఓడలో కాసినో మీద రేగిన వివాదంతో పుదుచ్చేరిలో దిగడానికి అనుమతి రాలేదు. తప్పెవరిదన్నది పక్కన పెడదాం. పుదుచ్చేరి చూపిస్తామంటే టికెట్టు కొన్న కుటుంబానికి ఆ రేవు తప్పిపోతే ఎంత వెనక్కి రావాలన్నది ముందే కాగితం మీద ఉండాలి కదా. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటక బోటు మునిగి దాదాపు యాభై మందిని పోగొట్టుకున్నాకే బోటు ప్రయాణాలకు కంట్రోల్ రూములు వచ్చాయి. ముందు దుర్ఘటన, తర్వాత ఏర్పాట్లు అనే ఆ వరస మళ్లీ వద్దు.

మీ శాఖ చేయగలిగింది పెద్ద ఖర్చుతో కూడినదేం కాదు. భారత రేవుల నుంచి ప్రయాణికులను ఎక్కించుకునే ప్రతి క్రూయిజ్ ఓడపైనా వచ్చిన ఫిర్యాదులను, డీజీసీఏ తరహాలో, నెలనెలా బయటపెట్టండి. ఆ ఫిర్యాదులు కంపెనీకి కాకుండా నేరుగా మీ దగ్గరికి వచ్చే నంబరు ఒకటి టెర్మినల్లో రాసిపెట్టండి. రేవు తప్పితే ఎంత వెనక్కిస్తారో టికెట్టు మీదే, తెలుగుతో సహా ప్రయాణికుడికి వచ్చిన భాషలో, చదవగలిగే అక్షరాల్లో అచ్చు వేయించండి. సిబ్బంది కూడా తమ పేరు బయటికి రాకుండా ఆ నంబరుకే ఫోను చేసుకునే వీలుండాలి, సిల్వర్ షాడోలో చెప్పింది వాళ్లే కాబట్టి.

ఈ నంబరు రాయడానికి విశాఖ టెర్మినల్లో, ఓడ దిగి బయటికొచ్చే దారిలో, సామాను బెల్టు ఎదురుగా ఉన్న గోడ సరిపోతుంది.

ఇట్లు,
ఒక పత్రికా రచయిత