కంప్యూటర్ పెడితే అయిపాయెనా? నేర్పుడు ఎవరి పని?

దేశంల 63 వేల వ్యవసాయ సహకార సంఘాలను ఒకే సాఫ్ట్‌వేర్ కిందికి తెస్తమని 2022 జూన్‌ల కేంద్రం ఒప్పుకున్నది. అప్పుడు ఖర్చు 2,516 కోట్లు అనుకున్నరు. మంచిదే, లెక్క కండ్లముందట ఉంటే దొంగ పేర్ల మీద లోన్లకు సందుండది.

కానీ ఏండ్ల సంది లెడ్జర్ రాసిన క్లర్కు సంగతేంది? మా సొసైటీల గూడ కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఒక్క అంకె తప్పు వడ్డది. దిద్దుడు తెల్వక మా నాయిన పంట లోను వారం ఆగింది. తప్పు క్లర్కుది గాదు. నేర్పేటాయన ఒక్కపూట వచ్చి, తెర మీద బొమ్మలు చూపెట్టి పోయిండు.

మొదటి సీజనంత లెడ్జరు, కంప్యూటరు పక్కపక్కన నడవాలె. ఫోన్ జేస్తే వచ్చేటోడు మండలానికొకడు ఉండాలె. డిగ్రీ చదివి ఖాళీగున్న మన ఊరి పోరగాళ్లకే ఆ పని ఇయ్యొచ్చు గదా?