సేవకు వేసవి సెలవు

సెటీ ఎట్ హోమ్ 2020 మార్చి 31న కొత్త లెక్కలు పంపడం ఆపివేసిన తరువాత, ప్రొద్దుటూరులోని మా కంప్యూటరును పల్సార్లను వెదకే ఐన్‌స్టీన్ ఎట్ హోమ్‌కు అప్పగించాను. అహోరాత్రాలు అదే పని.

మే నెల వచ్చింది. పెట్టె మూత తీసి దుమ్ము దులిపి, ఎదురుగా టేబులు ఫ్యాను పెట్టాను. యంత్రం చల్లబడింది. అదే గదిలో పడుకునే అమ్మ మాత్రం, "దాన్ని సల్లగ పెట్టి నన్ను ఉడకబెడ్తాండావు గదరా" అన్నది.

నిజమే. ఫ్యాను వేడిని హరించదు, పెట్టెలోంచి గదిలోకి తోస్తుందంతే. వంద వాట్ల యంత్రానికి రోజుకు 2.4 యూనిట్లు, అదంతా చివరకు వేడే. ప్రొద్దుటూరైనా, జమ్మలమడుగైనా, పులివెందులైనా పగలు కాగిన బండల మిద్దె అర్ధరాత్రి దాకా సెగ కక్కుతూనే ఉంటుంది. దానికి మనం మరికొంత జోడించడమెందుకు?

చలిదేశాల్లో ఆ వేడి గదికి ఉపకారమే. నా మటుకు నాకు, మన సీమలో నిరంతర సేవ కార్తీకం నుండి మాఘం వరకు చాలుననిపిస్తుంది. వేసవిలో తెల్లవారుజామున రెండు మూడు గంటలు, అదీ సగం భారంతో. ఆ వేళలనూ శాతాన్నీ బాయింక్‌లో మనమే నిర్ణయించుకోవచ్చు.

స్వచ్ఛందంగా చేరింది నేను. అమ్మను ఎవరూ అడగలేదు కదా!