పాపం ఆనా, పాపం మనం

డాలస్‌లో మా అక్క కూతురు తొమ్మిదో తరగతి. స్పానిష్ మొదలుపెట్టి ఏడు నెలలైంది. మొన్న ఆదివారం భోజనాల దగ్గర, బూట్లు పోగొట్టుకున్న ఏనుగు కథ స్పానిష్‌లో చెప్పింది. తడుముకుంటూనే, కానీ చివరిదాకా. అరగంట తర్వాత వీడియో కాల్‌లో మా అమ్మ "ఏం తిన్నావే?" అని అడిగితే ఫోన్ తీసుకెళ్లి వాళ్లమ్మకి ఇచ్చేసింది. ఈ పిల్ల రెండేళ్లు వారాంతపు తెలుగు క్లాసుకి వెళ్లింది. గుణింతాలు తప్పుల్లేకుండా రాస్తుంది.

బావ మాత్రం స్పానిష్ టీచర్‌నే తప్పుపట్టాడు. "పాఠం చెప్పదు, కథలతో టైంపాస్ చేస్తుంది" అన్నాడు. నా గొడవంతా ఆ మాటతోనే.

ఆ టైంపాస్ వెనక బ్లెయిన్ రే అనే మనిషి ఉన్నాడు. కాలిఫోర్నియాలో హైస్కూల్ స్పానిష్ టీచర్. మొదట్లో ఆయన జేమ్స్ ఆషర్ అనే సైకాలజిస్టు పద్ధతి వాడాడు. "లే, నడువు, తలుపు ముట్టుకో" అని టీచర్ స్పానిష్‌లో చెబితే పిల్లలు చేసి చూపించాలి. బాగానే పనిచేసింది, కొన్నాళ్లు. ఎంతకాలమని లేచి కూర్చుంటారు? పైగా ఆజ్ఞలతో కథ నడవదు. మరోపక్క స్టీఫెన్ క్రాషెన్ అనే భాషాశాస్త్రవేత్త, అర్థమయ్యే మాటలు విస్తారంగా వింటే, చదివితే భాష వస్తుందిగానీ నియమాలు బట్టీపడితే కాదని వాదిస్తున్నాడు. ఈ రెండింటినీ కలిపి 1990 ప్రాంతంలో రే కథల్లోకి దిగాడు. దాన్నిప్పుడు టీపీఆర్ఎస్ అంటున్నారు.

క్లాసు ఎలా నడుస్తుందంటే, బోర్డు మీద మూడు నాలుగు స్పానిష్ మాటలు, పక్కనే ఇంగ్లిష్ అర్థం. ఆ తర్వాత టీచర్ కథ చెప్పదు, అడుగుతుంది. అబ్బాయికి ఏనుగు కావాలి. ఏనుగు కావాలా, పిల్లి కావాలా? ఎవరికి కావాలి? ఎందుకు? వివరాలు పిల్లలే ఇస్తారు, ఎంత వింతగా ఉంటే అంత మంచిది. 'కావాలి' అన్న మాట ఒక్క గంటలో ఎన్నోసార్లు చెవిన పడుతుంది, అయినా విసుగు రాదు. వేగం సరిచూసుకోడానికి టీచర్ చూసేది ఫస్ట్ ర్యాంకర్ మొహం కాదు, అందరికంటే నెమ్మదిగా అందుకునే పిల్ల మొహం. మనలో ఎంతమందికి అలాంటి టీచర్ దొరికారు?

ఆఖరికి, విన్న మాటలతోనే చదవడం. రే రాసిన 'పోబ్రే ఆనా' అందుకోసమే. 'పాపం ఆనా' అని అర్థం. కాలిఫోర్నియా అమ్మాయి మెక్సికో వెళ్లే చిన్న కథ. సాహిత్యంగా దానికి నేను మార్కులు వేయను. కానీ పరాయి భాషలో ఒక పుస్తకం మొత్తం చదివానన్న గర్వాన్ని కొత్తగా నేర్చుకునే పిల్లకి అది ఇస్తుంది. మనం నెత్తిన పెట్టుకునే నవలల్లో ఎన్ని ఆ పని చేశాయి?

మరి వ్యాకరణం? ఉంది. కథలో ఎదురైనప్పుడు, కొన్ని సెకన్లు, మళ్లీ కథలోకి. ఇంగ్లిష్ పిల్లలకి కొరుకుడుపడని 'మె గుస్తా' సంగతే చూడండి. ఇంగ్లిష్‌లో ఇష్టపడేది 'నేను'. స్పానిష్‌లో కర్త వస్తువు. ఒక పుస్తకమైతే 'గుస్తా', ఎక్కువైతే 'గుస్తాన్'. తెలుగు పిల్లకి దీనికి సూత్రం అక్కర్లేదు: నాకు పుస్తకం నచ్చుతుంది, నాకు పుస్తకాలు నచ్చుతాయి. అచ్చం అదే! ఇది చెబితే మా మేనకోడలు కళ్లు పెద్దవి చేసింది. తెలుగు తనకి ఎందుకైనా పనికొస్తుందని దానికి ఎవరూ చెప్పలేదు మరి.

చదువంటే కష్టపడటమే అని నమ్మేవాళ్లకి నా కథ. పదో తరగతి దాకా యాక్టివ్ వాయిస్‌ని పాసివ్‌లోకి మార్చడంలో నన్ను మించినవాడు లేడు. ఇంజనీరింగ్ ఆఖర్లో క్యాంపస్ ఇంటర్వ్యూలో "నీ గురించి చెప్పు" అంటే నోరు పెగల్లేదు. ఇంగ్లిష్ నాకు వచ్చింది ఆ తర్వాత, సబ్‌టైటిళ్లతో సినిమాలు, చవక డిటెక్టివ్ నవలలతో. అంటే టైంపాస్‌తోనే.

ఈ పద్ధతికీ పరిమితులున్నాయి. భాష ధారాళంగా మాట్లాడే టీచర్ కావాలి, క్లాసు ఎటుపోయినా భయపడకూడదు. స్పానిష్‌కి టెక్సాస్‌లో వీధంతా మనుషులున్నారు, లిపి కూడా ఇంగ్లిష్‌దే. తెలుగుకి అక్షరాలు నేర్పక తప్పదు, ఒప్పుకుంటాను. కానీ నేర్పాల్సింది చదవాలనిపించే కథ చెవిన పడ్డాక. మనం గుణింతాన్ని గుమ్మంలో టోల్‌గేట్‌లా పెట్టి, లోపలికి ఎవరూ రావట్లేదని ఏడుస్తున్నాం.

తెలుగు చచ్చిపోతోందని వ్యాసాలు రాస్తాం, చదువుతాం, షేర్ చేస్తాం. నేనూ రాశాను. పదిహేనేళ్ల పిల్ల చదవగల, నవ్వగల, తేలిక మాటల తెలుగు పుస్తకం ఒక్కటైనా రాశామా? అది మన స్థాయికి తగదనుకున్నాం. హైస్కూల్ టీచర్ ఒకాయన అనుకోలేదు.

నిన్న అమ్మకి ఫోన్ చేసి చెప్పాను: ఈసారి "ఏం తిన్నావ్" అని అడక్కు, ఏనుగు బూట్లు దొరికాయా అని అడుగు.