డైరెక్ట్ ఇచ్చేశానండి, ఇంక ఆగదు!

రావులపాలెంలో హైవే పక్కన కార్ల ఎలక్ట్రీషియన్ల దగ్గర కాసేపు నిలబడితే ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు చెవిన పడుతుంది. పెట్రోలు కారు దారిలో ఆగిపోయింది. టాంకులో పంపు తిరగట్లేదు. రిలే పోయింది. అమలాపురంలో పెళ్ళికి వెళ్ళాల్సినవాళ్ళు పట్టుచీరల్లో చెట్టుకింద నిలబడి టైము చూసుకుంటున్నారు. కుర్రాడు రిలే పీకేసి, ఇగ్నిషన్ లైను నుంచి పంపుకి ఓ వైరుముక్క కలిపేస్తాడు. "డైరెక్ట్ ఇచ్చేశానండి, ఇంక ఆగదు!" నిజమే, ఆగదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఆ రిలే అక్కడ ఎందుకుందో చూద్దాం. కార్బురేటరు ఉన్న పాత మారుతి 800 లో పెట్రోలు పంపుని ఇంజనే నడిపేది. ఇంజను ఆగితే పంపూ ఆగేది, వేరే ఏర్పాటు అక్కర్లేదు. ఇంజెక్షన్ కార్లు వచ్చాక పంపు కరెంటుది అయిపోయి టాంకులోకి వెళ్ళింది. ఇప్పుడు ఇంజను ఆగినా బ్యాటరీ ఉన్నంతసేపూ అది తిరగగలదు. ఆ తెగిపోయిన బంధాన్ని మళ్ళీ కలపడానికే రిలే, దాని వెనక చిన్న ప్రోగ్రామూ.

పని సింపులే. రిలేలో 30 అనే కాలికి బ్యాటరీ, 87 కి పంపు, 85-86 ల మధ్య కాయిలు. పంపు లాగేది అయిదారు ఆంపియర్లయితే, కాయిలుకి ఆంపియరులో అయిదో వంతు కూడా అక్కర్లేదు. ఆ కాస్త కరెంటూ కారులోని కంప్యూటరు చేతిలో ఉంటుంది. తాళం తిప్పగానే ఒకటి రెండు సెకన్లు పంపుని తిప్పి ఆపేస్తుంది. ఆ తర్వాత క్రాంక్ సెన్సరు నుంచి ఇంజను తిరుగుతున్నట్టు కబురొస్తేనే మళ్ళీ ఆన్ చేస్తుంది. కబురు ఆగిందా, పంపు బంద్. మన భాషలో చెప్పాలంటే వాచ్‌డాగ్ టైమరు.

కారు గుద్దుకుని, పెట్రోలు పైపు తెగి, డ్రైవరు స్పృహలో లేడనుకోండి. తాళం ఆన్‌లోనే ఉంటుంది. రిలే ఉంటే ఇంజను ఆగిన కొద్దిసేపట్లో పంపూ ఆగిపోతుంది. డైరెక్ట్ ఇచ్చిన కారులో, తాళం తీసేదాకా అది వేడి ఇంజను మీద పెట్రోలు పోస్తూనే ఉంటుంది. పైగా ఆ ఇగ్నిషన్ వైరు అంత కరెంటుకి సరిపోయేంత లావుదో కాదో ఎవరూ చూడరు.

ఆ కుర్రాణ్ణి తిట్టడం నా ఉద్దేశం కాదు. పెళ్ళివారిని ముహూర్తానికి చేర్చాడు, అంతవరకూ శభాషే. కానీ వందల్లో దొరికే రిలేని మర్నాడు వేయించుకోకపోవడం మాత్రం కారు ఓనరు తప్పే. ఇంకోటి, లోపం పంపులోనే ఉండొచ్చు. పంపు సమస్యతో 2020 జూలైలో మారుతి 1,34,885 కార్లని, 2024 అక్టోబరులో హోండా 92,672 కార్లని వెనక్కి పిలిచాయి. ఛాసిస్ నంబరు కొట్టి చూసుకుంటే మీ బండి ఆ లిస్టులో ఉందో లేదో తెలిసిపోతుంది.

సరే, ఇది ఒక వైపు. రెండో వైపు తప్పు చేసేది మనమే, అంటే సాఫ్టువేరు జనం. ఊళ్ళో నాన్నగారికి కారు కొనిపెట్టి, దానికో జీపీఎస్ ట్రాకరు తగిలించి, "న్యూజెర్సీ నుంచి బటన్ నొక్కితే కారు ఆగిపోతుంది తెలుసా" అని మురిసిపోయేవాళ్ళని చూస్తున్నాను. ఆ బటన్ చేసే పని పంపు లైనులో పెట్టిన ఇంకో రిలేని తెరవడమే. జొన్నాడ దాటి గౌతమి వంతెన మీద 80 లో వెళ్తున్న కారుకి ఆ సమయంలో పెట్రోలు ఆగిపోతే? ఇంజను పోయాక స్టీరింగు బరువెక్కుతుంది. బ్రేకు ఒకటి రెండుసార్లు తొక్కాక రాయిలా అయిపోతుంది. వెనకాల అరటిగెలల లారీ ఉంటుంది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. పంపు రిలే చెడిపోతే కారు ఆగిపోవాలి, ఎందుకంటే తప్పుగా తిరిగే పంపు కన్నా ఆగిన పంపు నయం. అదే ట్రాకరు రిలే చెడిపోతే మాత్రం కారు నడుస్తూనే ఉండాలి. అందుకే దాన్ని 87 కి కాకుండా 87ఎ కి కలపాలి. కాయిలుకి కరెంటు లేనప్పుడు 30 తో కలిసి ఉండే కాలు అదే. ట్రాకరు చచ్చినా, దాని వైరు ఊడినా బండి నడుస్తుంది. దొంగ ట్రాకరు పీకేస్తే కారు ఎత్తుకుపోగలడు కదా అంటారా? పోగలడు. కారు పోవడమా, వంతెన మీద మనిషి పోవడమా అన్నప్పుడు నా ఓటు కారు పోవడానికే.

ఒకే లైనులో రెండు రిలేలు, చెడితే చెరో వైపుకీ పడాలి. రెండూ సరైనవే. చెడిపోదు అనే భరోసా ఎవరూ ఇవ్వలేరు, చెడితే ఎటు పడాలో మాత్రం ముందే తేల్చుకోవచ్చు. ఆ తేల్చుకునే పని వైరింగు చేసేవాడిదీ, కోడు రాసేవాడిదీ కూడా. కొన్ని ట్రాకర్లు జీపీఎస్ సిగ్నలు ఉండి, వేగం గంటకి 20 కిలోమీటర్ల లోపు ఉంటే తప్ప ఆపమన్నా ఆపవు. ఆ ఒక్క ఇఫ్ కండిషను రాసిన మహానుభావుడెవరో గానీ, అతనికో దండం. ఆ షరతు లేని ట్రాకరుకి పంపు వైరు ఇవ్వకండి. కారు ఎక్కడుందో చూసుకోవడానికి వాడుకోండి, చాలు.

ఈసారి సెలవుకి ఊరెళ్ళినప్పుడు ఎలక్ట్రీషియన్ని రెండే ప్రశ్నలు అడగండి. పంపు రిలే దాని సాకెట్లోనే ఉందా? ట్రాకరు వైరు ఏ కాలుకి ఇచ్చారు? జవాబు చెప్పడానికి ఆయనకి అయిదు నిమిషాలు పట్టదు.