గలాథియా తీరానికి రెండు పటాలు

గ్రేట్ నికోబార్‌లోని గలాథియా అఖాతం లెదర్‌బ్యాక్ తాబేళ్లు గుడ్లుపెట్టే తీరం. 2021 జనవరిలో ఇక్కడి అభయారణ్య హోదా రద్దయింది. 2022 నవంబరులో నౌకాశ్రయానికి పర్యావరణ అనుమతి లభించింది. పగడపు దిబ్బలు, తాబేళ్ల గూళ్లు ఉన్న తీరం సీఆర్‌జెడ్-1ఏ పరిధిలోనిది. అక్కడ ఓడరేవు నిషిద్ధం. ప్రాజెక్టులో కొంత భాగం ఆ పరిధిలో ఉందని ద్వీపాల తీర యాజమాన్య సంస్థ తొలుత పేర్కొంది. 2023 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రైబ్యునల్ కమిటీని నియమించిన పిదప, చెన్నైలోని జాతీయ సుస్థిర తీర యాజమాన్య కేంద్రం క్షేత్ర పరిశీలన జరిపి, లేదని తేల్చింది. తీరం అదే కనుక, ఏ కొలతలు మారాయో బహిరంగపరచడం అవసరం. 20,668 పగడపు సమూహాలలో 16,150 తరలిస్తామన్నారు. మిగిలిన 4,518 మాటేమిటన్నది ట్రైబ్యునలే ఎత్తిచూపిన లోటు. పైగా 2004 సునామీ వేళ నాలుగు మీటర్లకు పైగా కుంగిన ఇందిరా పాయింట్ ఈ ద్వీపపు కొసనే ఉంది.