బొమ్మలో చేను ఏదీ?

బరంపురంలో ఒక మిత్రుని ఇంట గోడమీద కృష్ణజింక చిత్తరువు చూశాను. మెలితిరిగిన కొమ్ములు, కంటి చుట్టూ తెల్లని వలయం, ఒక్క వెంట్రుక తప్పులేదు. వెనుక మాత్రం ఖాళీ. "ఉన్నదున్నట్టు వేశాడు, ఇందులో వేరే అర్థమేముంటుందండీ?" అన్నారాయన.

నేనొప్పుకోను. మన గంజాం జిల్లా భేట్నోయి, బాలిపదర్ ప్రాంతాల్లో ఈ జింక తిరిగేది వరిచేలల్లో. పంట మేసినా రైతు కొట్టడు. అది చేలో కనబడితే ఊరికి మంచిదని నమ్మకం. 1972 నాటి వన్యప్రాణి చట్టం రాకముందునుంచీ దాన్ని కాపాడింది ఆ నమ్మకమే. చేను చెరిపేసి జింకను వేయడమంటే రైతు ఖర్చు దాచి జమ చూపడమే. ముప్పయ్యేళ్లుగా లెడ్జర్లు చూస్తున్నవాణ్ణి, ఈ లెక్క పాస్ చేయలేను.

చేనుకి చోటు చాలలేదట. కొమ్ములు కాస్త చిన్నవి వేయించవలసింది.